నార్కోలెప్సీకి మోడాఫినిల్ వాడుతున్నారా? పొద్దున్నే వేసుకునే ఆ ఒక్క మాత్ర గురించి

పగలు మెలకువగా ఉంచే ఈ మాత్ర నేను వేసుకోవడం మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది. అంతకుముందు కాలేజీలో నోట్సు రాస్తుంటే అక్షరాలు మెల్లగా కిందికి జారి పేజీ చివర ఒక గీతగా మిగిలేవి, తల ఎత్తి చూస్తే క్లాసు అయిపోయి ఉండేది. ఇంట్లోవాళ్లు మొద్దునిద్ర అన్నారు, రక్తం తక్కువైందన్నారు, ఐరన్ టానిక్కులు తాగించారు. చివరికి ఒక న్యూరాలజిస్ట్ స్లీప్ టెస్ట్ రాశారు. రాత్రంతా తలకి వైర్లు పెట్టి పడుకోబెట్టారు, మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి పడుకోమని ఎన్ని నిమిషాల్లో నిద్రపోతున్నానో చూశారు. అప్పుడు తెలిసింది నార్కోలెప్సీ అని, అంటే పగలు ఆపుకోలేనంతగా నిద్ర ముంచుకొచ్చే జబ్బు. మనల్ని మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ అనే పదార్థం మెదడులో తగ్గిపోవడం వల్ల చాలామందికి ఇది వస్తుంది, బద్ధకానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మీకూ మోడాఫినిల్ రాసిచ్చి ఉంటే, డాక్టరు గదిలో ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయిన సంగతులు కొన్ని ఇక్కడ చెప్తాను. డోసు మాత్రం మీ డాక్టరు చెప్పిందే, నాది చూసి మీది మార్చుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం టైము. పెద్దవాళ్లకి మామూలుగా రాసేది పొద్దున ఒకసారి 200 మిల్లీగ్రాములు, కొంతమందికి 100తో మొదలుపెడతారు, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకి సగమే ఇస్తారు. వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో మందు రక్తంలో బాగా ఎక్కుతుంది, కానీ దిగడం చాలా నిదానం. సగం దిగడానికే దాదాపు 15 గంటలు పడుతుంది. అంటే పొద్దున ఏడింటికి వేసుకున్నదాంట్లో సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. అందుకే మధ్యాహ్నం వేసుకోకూడదు. ఒకసారి పొద్దున మర్చిపోయి, ఆఫీసులో కళ్లు మూతలు పడుతుంటే మూడింటికి వేసుకున్నాను, తెల్లవారుజామున మూడింటి దాకా ఫ్యాను చూస్తూ పడుకున్నాను, ఆ మర్నాడంతా పాడైపోయింది. పొద్దున మర్చిపోతే ఎన్నింటి దాకా వేసుకోవచ్చో ముందే డాక్టరుని అడిగి రాసిపెట్టుకోండి. ఆ టైము దాటితే ఆ రోజుకి వదిలేయండి, మర్నాడు రెండు కలిపి మాత్రం వేసుకోవద్దు.

టిఫిన్‌కి ముందైనా తర్వాతైనా పర్లేదు, కడుపు నిండా తిన్నాక వేసుకుంటే ఎక్కడం ఓ గంట ఆలస్యమవుతుందంతే. కడుపులో తిప్పేవాళ్లు రెండు ఇడ్లీలు తిని వేసుకోవడమే మంచిది.

మనలాంటివాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. నార్కోలెప్సీలో సగం నిద్రలోనే పనులు చేసేస్తాం, చేసినట్టు గుర్తుండదు. మాత్ర వేసుకున్నానా లేదా అన్న అనుమానంతో రెండోది వేసుకోవడం చాలా తేలిక. నేను కొత్త స్ట్రిప్ కొనగానే వెనక రేకు మీద, ప్రతి మాత్ర దగ్గరా సన్నటి మార్కర్‌తో తేదీ వేసేస్తాను. ఇవాళ్టి తేదీ ఉన్న గది చిరిగి ఉంటే వేసుకున్నట్టే, ఇంక ఆలోచించక్కర్లేదు. అనుమానం తీరకపోతే ఆ రోజు మానేయడమే మేలు.

మొదటి వారాల్లో తలనొప్పి రావచ్చు, అది చాలామందికి వచ్చేదే. వికారం, నోరు ఎండిపోవడం, ఆకలి తగ్గడం, కొంచెం గాభరాగా ఉండటం కూడా ఉంటాయి. నీళ్లు బాగా తాగండి, కాఫీ టీలు తగ్గించండి, ఎందుకంటే అవి ఈ మాత్రతో కలిస్తే గుండె దడ, టెన్షన్ ఎక్కువవుతాయి. మద్యం తాగే అలవాటు ఉంటే దీంతో వద్దు. బీపీ అప్పుడప్పుడూ చూపించుకోండి. గుండె గోడ మందంగా ఉందనో, మైట్రల్ వాల్వులో తేడా ఉందనో ఎప్పుడైనా చెప్పి ఉంటే మొదటి మాత్రకి ముందే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. డిప్రెషన్, బైపోలార్, లేని మాటలు వినిపించడం లాంటివి గతంలో ఉంటే అవీ దాచొద్దు. వాడుతుండగా మనసు మరీ కుంగిపోయినా, చనిపోవాలనిపించినా, ఊరికే కోపం తన్నుకొస్తున్నా అదే రోజు డాక్టరుకి చెప్పండి. ఇంట్లో ఒకరికి ఈ విషయం ముందే చెప్పి ఉంచండి, మనలో మార్పు మనకంటే ముందు వాళ్లకి కనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్లు, పెదాలో కళ్లో వాచి ఎర్రబడటం, చర్మం పొక్కులు తేలి ఊడటం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే మాత్ర ఆపి హాస్పిటల్‌కి వెళ్లాలి. జ్వరం కూడా ఉంటే ఇంకా తొందరపడాలి. మనవాళ్లు నోటిపూత రాగానే వేడి చేసిందంటారు, సబ్జా నీళ్లు తాగిస్తారు, మజ్జిగ పోస్తారు, అలా రెండు రోజులు గడిచిపోతాయి. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అనే ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ ఇలాగే మొదలవుతుంది. అది అరుదే, కానీ వస్తే ఎక్కువగా మొదలుపెట్టిన ఒకటి నుంచి ఐదు వారాల్లోపే వస్తుంది. అందుకే ఆ వారాల్లో రోజూ స్నానం తర్వాత అద్దం ముందు నిలబడి ఒళ్లూ నోరూ ఒకసారి చూసుకోండి. తగ్గిపోయిందని మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు.

ఆడవాళ్లకి ఇంకోటి. గర్భం రాకుండా వేసుకునే హార్మోన్ మాత్రల పనిని మోడాఫినిల్ తగ్గించేస్తుంది. వాటిని లివర్ మామూలు కంటే త్వరగా కరిగించేలా చేస్తుంది, అదీ కారణం. మాలా-డి లాంటివైనా, పీసీఓడీకి గైనకాలజిస్ట్ రాసిన పిల్స్ అయినా, అత్యవసరంగా వేసుకునే ఐ-పిల్ అయినా ఒంటరిగా నమ్ముకోవద్దు. మోడాఫినిల్ ఆపాక కూడా ఒక నెల ఇదే జాగ్రత్త. కాపర్-టీకి ఈ ఇబ్బంది లేదు, కండోమ్ సరేసరి. నాకు న్యూరాలజిస్ట్ ఈ మాట చెప్పలేదు, గైనకాలజిస్ట్ నేను ఏ మాత్రలు వాడుతున్నానో అడగలేదు, ఎనిమిది నెలలు రెండూ కలిపి మింగాను. పెట్టెలో మడిచి పెట్టిన సన్నక్షరాల కాగితం ఒకరోజు విప్పి చదివితే కాళ్లు వణికాయి. గర్భంలో ఈ మందు వాడితే బిడ్డకి అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉందని యూరప్‌లో హెచ్చరికలు ఇచ్చారు. పిల్లల కోసం అనుకుంటుంటే ముందే చెప్పి ప్లాన్ మార్పించుకోండి, నెల తప్పితే ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.

మిగతా మందులతోనూ తగువులున్నాయి. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, ఫిట్స్‌కి ఫెనిటోయిన్, కిడ్నీ మార్పిడి చేసుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్, డయాజెపామ్, మనం రోజూ మింగే గ్యాస్ ట్యాబ్లెట్లలో ఒమెప్రజోల్, వీటిలో కొన్ని ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి, కొన్ని తగ్గిపోతాయి. వాడేవన్నీ, మూలికల పొడులతో సహా, ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా అదే చూపించండి.

మెడికల్ షాపులో స్ట్రిప్ చేతికి రాగానే పేరు చదవండి. మోడాఫినిల్ వేరు, ఆర్మోడాఫినిల్ వేరు. ఒకసారి ఒక షాపతను "అదే మందు మేడమ్, కంపెనీ వేరు" అని ఆర్మోడాఫినిల్ 150 ఇచ్చాడు. రెండూ దగ్గరి చుట్టాలే కానీ మిల్లీగ్రాములు ఒకదానికొకటి సరిపోవు, డాక్టరు ఒప్పుకోకుండా మార్చుకోవద్దు. చీటీ అడగకుండా పంపే వెబ్‌సైట్ల జోలికి వెళ్లొద్దు.

మాత్ర పనిచేస్తున్నా పూర్తిగా మామూలు మనిషిలా ఉంటామనుకోవద్దు. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర కావాల్సిందే. మధ్యాహ్నం అన్నం తిన్నాక పదిహేను ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని కునుకు తీస్తే సాయంత్రం దాకా నిలబడగలం. బండి సంగతి ఖచ్చితంగా చెప్తాను: మందు మీకు ఎలా పడుతుందో తెలిసేదాకా స్కూటీ, కారు తీయొద్దు. తర్వాత కూడా రెప్పలు బరువెక్కితే పక్కకి ఆపేయండి, ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనుకోవద్దు. నవ్వినప్పుడు మోకాళ్లు పట్టుతప్పి కూలబడటం మీకుంటే, దానికి మోడాఫినిల్ పనిచేయదు, వేరే మందు ఇస్తారు. అది వెన్లాఫాక్సిన్ లాంటిదైతే ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే ఆ కూలబడటం మరీ ఎక్కువవుతుంది.

మీ స్ట్రిప్ నుంచి ఎవరికీ ఒక్క మాత్ర కూడా ఇవ్వొద్దు. నీట్, ఎప్‌సెట్ చదివే పిల్లలు, నైట్ షిఫ్టుల్లో ఉండే స్నేహితులు అడుగుతారు. నన్నూ అడిగారు. వాళ్ల గుండె, వాళ్ల చర్మం ఎలా తట్టుకుంటాయో మనకి తెలియదు, పిల్లల్లో ఆ చర్మం రియాక్షన్ భయం వల్లే అమెరికాలో దీన్ని వాళ్లకి ఆమోదించలేదు. విదేశాలకి వెళ్తుంటే అసలు పెట్టె, డాక్టరు చీటీ హ్యాండ్ బ్యాగులోనే ఉంచుకోండి. అమెరికాలోనూ జపాన్‌లోనూ ఇది నియంత్రణలో ఉన్న మందు, ఎంత తీసుకెళ్లొచ్చో టికెట్ కొన్నప్పుడే కనుక్కోండి.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లే ముందు రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్కులో రాయండి: మాత్ర ఎన్నింటికి, రాత్రి నిద్ర ఎన్ని గంటలు, పగలు ఎక్కడెక్కడ కునికిపాట్లు పడ్డారు. నేను పోయినసారి ఆ పేజీలు చూపిస్తే డోసు పెంచకుండా మాత్ర టైము అరగంట ముందుకి జరిపారు. ఇప్పుడు ఆరింటికి అలారం, మంచం పక్కన గ్లాసుతో నీళ్లు, మాత్ర వేసుకుని మళ్లీ అరగంట పడుకుంటాను, లేచేసరికి అది పని మొదలుపెట్టి ఉంటుంది.