పార్లమెంటులో మంత్రి ఇచ్చిన జవాబుతో మీ ఊరి హైవే వివరాలు అడగడం ఎలా? సమాచార హక్కు దరఖాస్తు విధానం

ఊరి మీదుగా పోయే హైవే పని ఆగిపోతుంది, లేదంటే రోడ్డులో పోయిన భూమికి డబ్బు రాదు. అప్పుడు చాలామంది నేరుగా కంప్యూటర్ సెంటర్‌కు వెళ్తున్నారు. అక్కడ ఉన్నాయన "ఢిల్లీకి ఆర్టీఐ వేద్దాం" అంటాడు. వందలు తీసుకుంటాడు, కొన్నిచోట్ల వేలు. ప్రభుత్వానికి కట్టాల్సింది మాత్రం 10 రూపాయలే. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ దరఖాస్తు నెల తిరక్కుండానే "ఈ సమాచారం మా కార్యాలయంలో లేదు" అని వెనక్కి వస్తుంది. పంపింది ఒక ఆఫీసుకు, ఫైలు ఉన్నది ఇంకో ఆఫీసులో. చాలా దరఖాస్తులు ఇక్కడే చచ్చిపోతున్నాయి.

ఫైలు ఎవరి దగ్గరుందో ముందే తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని దారి ఉంది. మీ రోడ్డు గురించి ఎవరో ఒక ఎంపీ పార్లమెంటులో అడిగే ఉంటారు. దానికి మంత్రి రాతపూర్వకంగా జవాబు ఇచ్చే ఉంటారు. ముందు ఆ జవాబు వెతకండి, దరఖాస్తు తర్వాత.

లోక్‌సభ, రాజ్యసభ రెండింటి జవాబులూ సన్సద్ డాట్ ఇన్ వెబ్‌సైట్లో ఉంటాయి. లాగిన్ అక్కర్లేదు. సభ, సమావేశం, మంత్రిత్వ శాఖ, ఎంపీ పేరు, ఒక పదం, వీటిలో దేనితోనైనా వెతకొచ్చు. లోక్‌సభలో ఒక రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 వరకు అన్‌స్టార్డ్ ప్రశ్నలు లిస్టవుతాయి. స్టార్డ్ ప్రశ్నలకు మంత్రి సభలో లేచి నోటితో చెబుతారు, వాటి మీద అనుబంధ ప్రశ్నలు కూడా వేయొచ్చు. టీవీలో కనిపించేది ఇదే. మనకు పనికొచ్చేది ఎక్కువగా అన్‌స్టార్డ్‌లో దొరుకుతుంది. వాటికి జవాబు కాగితం మీదే ఇస్తారు, చివర్లో రాష్ట్రాలవారీగా, పనులవారీగా పట్టికలు అనుబంధంగా జతచేస్తారు. మొదటి పేజీ చదివి మూసేయకండి. అసలు సరుకు ఆ అనుబంధంలోనే ఉంటుంది: రోడ్డు నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, మంజూరైన ఖర్చు, పని ఎంత శాతం అయింది, చేస్తున్న సంస్థ ఏది.

వెతికేటప్పుడు ఒక సంగతి. జాతీయ రహదారుల నంబర్లు 2010లో మారాయి. చెన్నై–కోల్‌కతా రోడ్డును ఇప్పటికీ "ఐదో నంబరు హైవే" అనేవాళ్లు ఉన్నారు, కానీ అది 16. హైదరాబాద్–విజయవాడ రోడ్డు 9 కాదు, 65. హైదరాబాద్ నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు వెళ్లేది 7 కాదు, 44. పాత నంబరుతో వెతికితే మీ రోడ్డు దొరకదు, వేరే రాష్ట్రంలో రోడ్డేదో దొరుకుతుంది. ఊరి పేరును ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాల స్పెల్లింగులతో ప్రయత్నించండి. జవాబులు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటాయి. తెలుగులో లేవని కంగారు పడక్కర్లేదు, పట్టికలో అంకెలు చదవగలిగితే చాలు.

జవాబుల్లో కొన్ని మాటలు పదేపదే కనిపిస్తాయి. ఎంపీ ఐదు ముక్కలుగా అడిగితే, మంత్రి "ఎ నుంచి ఇ వరకు" అని అన్నిటికీ కలిపి ఒకే పేరా ఇస్తారు. ఆ పేరాలో మూడో ముక్కకు జవాబు ఉందో లేదో మనమే చూసుకోవాలి. చాలాసార్లు ఉండదు. "ప్రశ్న ఉత్పన్నం కాదు" అంటే పై దానికి లేదన్నాం కాబట్టి దీనికి చెప్పేదేమీ లేదని. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఉంటే మాత్రం ఆ కాగితం దాచుకోండి. సభలో ఆ మాట హామీ కింద లెక్క. మామూలుగా మూడు నెలల్లో నెరవేర్చాలి. ఆలస్యమైతే అడగడానికి రెండు సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలు ఉన్నాయి. ఆ హామీ ఏమైందని మీరు కూడా మంత్రిత్వ శాఖను దరఖాస్తులో అడగొచ్చు.

జవాబే దొరక్కపోతే మీ ఎంపీ కార్యాలయంలో ఉత్తరం ఇవ్వండి. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి, అదీ సమావేశాలు జరిగే రోజులకే. ఇక్కడ కూడా మధ్యవర్తులు తగులుతుంటారు, "డబ్బిస్తే పార్లమెంటులో ప్రశ్న వేయిస్తాం" అని. ఇలాంటి వ్యవహారంలోనే 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలు పదవులు పోగొట్టుకున్నారు. నియోజకవర్గం సమస్య మీద ఎంపీకి ఉత్తరం ఇవ్వడానికి రుసుమంటూ ఏదీ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు: ఫైలు ఎవరి దగ్గరుంది?

వెడల్పుగా ఉండి, మధ్యలో డివైడర్, దారిలో టోల్ గేటు ఉంటే అది జాతీయ రహదారే అనుకుంటాం. హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్లే రాజీవ్ రహదారిని చూడండి. నాలుగు వరుసలు, టోల్ కూడా కట్టాలి. కానీ అది రాష్ట్ర రహదారి. దాని గురించి ఢిల్లీని అడిగి లాభం లేదు. నకిరేకల్ నుంచి నల్గొండ, మాచర్ల, కనిగిరి మీదుగా ఏర్పేడు వెళ్లేది చాలా దూరం మామూలు రోడ్డులాగే కనిపిస్తుంది. అది 565వ నంబరు జాతీయ రహదారి.

జాతీయ రహదారి అని తేలినా పని అయిపోలేదు. అన్ని జాతీయ రహదారులూ ఎన్‌హెచ్‌ఏఐ (కేంద్రం కింద ఉండే జాతీయ రహదారుల సంస్థ) చేతిలో ఉండవు. కొన్నింటిని కేంద్రం డబ్బుతో రాష్ట్ర ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాలు) శాఖలోని జాతీయ రహదారుల విభాగం చూస్తుంది. వాటి మీద కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ తరఫున పర్యవేక్షణ హైదరాబాద్, విజయవాడల్లోని ప్రాంతీయ అధికారులది. ఎన్‌హెచ్‌ఏఐ చూసే రోడ్డయితే ఫైలు ఆ సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్ కార్యాలయంలో ఉంటుంది, జనం పీడీ ఆఫీసు అంటారే, అదే. అనుబంధంలో సంస్థ పేరుండే గడి ఈ ముడి విప్పుతుంది. అక్కడ ఎన్‌హెచ్‌ఏఐ అని ఉంటే దరఖాస్తు దానికి, పీడబ్ల్యూడీ (రాష్ట్ర రోడ్ల శాఖకు జవాబుల్లో వాడే పేరు) అని ఉంటే మంత్రిత్వ శాఖ ప్రాంతీయ అధికారికి, లేదా రాష్ట్ర ఆర్ అండ్ బీకి.

భూమి పరిహారం సంగతి మళ్లీ వేరు. దీంట్లోనే రైతులు ఎక్కువగా మోసపోతున్నారు. "పరిహారం మొత్తం జమ చేశాం" అని మంత్రి జవాబులో ఉందనుకోండి. నాకు రాలేదే, మధ్యలో ఎవరో తినేశారని టెన్షన్ పడతాం. జమ చేసింది రైతు ఖాతాలో కాదు. భూసేకరణకు నియమించిన అధికారి దగ్గర, అంటే మన దగ్గర సాధారణంగా ఆర్డీఓ, జాయింట్ కలెక్టర్ లేదా స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర. జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3జీ కింద ఎవరికెంత అన్నది తేల్చి అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు, ఇచ్చేది ఆ అధికారే. కాబట్టి అవార్డు ప్రతి, మీ సర్వే నంబరుకు లెక్కగట్టిన తీరు, చెల్లింపు ఎక్కడ ఆగింది, ఇవన్నీ ఆ కార్యాలయాన్నే అడగాలి. ఢిల్లీకి రాస్తే నెల వృథా. అడిగేటప్పుడు మీ సర్వే నంబరు వరకే అడగండి. ఊరందరి బ్యాంకు వివరాలు కావాలంటే వ్యక్తిగత సమాచారమని ఆపేస్తారు, దాంతో మీది కూడా ఆగుతుంది.

దరఖాస్తు వేయడం తేలికే. కేంద్ర కార్యాలయాలకైతే ఆర్టీఐ ఆన్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో వేయాలి. పేరులో "గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూడండి. అచ్చం అలాగే కనిపించి సర్వీస్ చార్జీ అడిగే ప్రైవేటు సైట్లు ఉన్నాయి. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ధ్రువపత్రం జతచేస్తే అదీ లేదు. ఎన్‌హెచ్‌ఏఐ ఆ జాబితాలో విడిగా ఉంటుంది, మంత్రిత్వ శాఖ పేరు చూడగానే నొక్కేయకండి. రాష్ట్ర కార్యాలయానికి వెళ్లాల్సింది ఇక్కడ వేస్తే తిప్పి పంపుతారు, రుసుము వెనక్కి రాదు.

దరఖాస్తు రాసే పెట్టెలో 3,000 అక్షరాల వరకే పడతాయి. రూపాయి గుర్తు, కోట్ మార్కుల లాంటివి తీసుకోదు. సైట్ పాడైందనుకుని చాలామంది లేచిపోయేది ఇక్కడే. డబ్బు కట్ అయి రిజిస్ట్రేషన్ నంబరు రాకపోతే వెంటనే మళ్లీ కట్టకండి, ఒకటి రెండు రోజులు ఆగండి. తెలుగులో రాయడం మీ హక్కే, చట్టంలోనే ఉంది. అలా రాసేవాళ్లకు ఆన్‌లైన్ కంటే స్పీడ్ పోస్టు నయం. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ ఆ కార్యాలయం అకౌంట్స్ ఆఫీసర్ పేరు మీద తీసి జతచేయాలి. ఆర్డీఓ కార్యాలయం, ఆర్ అండ్ బీ లాంటి రాష్ట్ర ఆఫీసుల్లో నేరుగా ఇవ్వొచ్చు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయాలకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఇచ్చిన కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కదలొద్దు. విదేశాల్లో ఉంటూ ఇక్కడ భూమి పోయిన తెలుగువాళ్లు కూడా భారత పౌరసత్వం ఉంటే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు.

రాసే తీరు గురించి గట్టిగా చెప్పాలి. "పని ఎందుకు ఆలస్యమైంది?" అని ఎంపీ అడగొచ్చు, మంత్రి చెప్పాలి. మనం అలా అడిగితే సమాచార అధికారి జవాబు ఇవ్వక్కర్లేదు. ఆయన ఇవ్వాల్సింది ఆఫీసులో ఉన్న రికార్డు మాత్రమే. లేనిదాన్ని తయారుచేసి, కారణాలు వెతికి చెప్పాల్సిన పని లేదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ ఆ "ఎందుకు" ఏదో ఒక కాగితం మీద ఉంటుంది. కాంట్రాక్టర్‌కు గడువు పొడిగించారంటే దానికి ఉత్తర్వు ఉంటుంది, అందులో కారణం రాసే ఉంటుంది. ఆ ఉత్తర్వు అడగండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"ఫలానా తేదీన లోక్‌సభలో అన్‌స్టార్డ్ ప్రశ్న నంబరు ఫలానాకు ఇచ్చిన జవాబు అనుబంధంలో, ఫలానా వరుస సంఖ్యలో చూపిన పనికి సంబంధించి: ఒప్పందం ప్రకారం పని పూర్తి కావాల్సిన తేదీ ఉన్న పేజీ ప్రతి, ఇప్పటివరకు ఇచ్చిన గడువు పొడిగింపు ఉత్తర్వుల ప్రతులు, తాజా నెలవారీ ప్రగతి నివేదిక ప్రతి, మా గ్రామ పరిధిలో మంజూరైన అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు చూపే డ్రాయింగ్ ప్రతి ఇప్పించగలరు."

ప్రశ్న నంబరు, తేదీ వేయడం అలంకారానికి కాదు. ఆ పట్టిక తయారుచేయడానికి వివరాలు పంపింది సంబంధిత ఆఫీసులే. "అలాంటి పని మా దృష్టిలో లేదు" అని రాసి తప్పించుకోవడం ఇక కష్టం. ఆ జవాబు ప్రింటు కూడా జతచేయండి.

కాపీలకు పేజీకి 2 రూపాయలు అడుగుతారు, ఉత్తరం రాగానే కట్టేయండి. డ్రాయింగులు పెద్దవైతే వెళ్లి చూసుకోవచ్చు. కేంద్ర కార్యాలయాల్లో మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు.

జవాబు ఇవ్వడానికి గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, సగమే వచ్చినా, మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. కేంద్ర కార్యాలయమైతే అదే పోర్టల్‌లో, పాత రిజిస్ట్రేషన్ నంబరుతో. దీనికి రుసుము లేదు, "అప్పీలు ఫీజు" అని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. దరఖాస్తులో లేని కొత్త ప్రశ్నలు అప్పీలులో చేర్చకండి, వాటికి మళ్లీ 10 రూపాయలతో వేరే దరఖాస్తు వేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రెండో అప్పీలు: మంత్రిత్వ శాఖ, ఎన్‌హెచ్‌ఏఐల మీదైతే కేంద్ర సమాచార కమిషన్‌కు, ఆర్డీఓ, ఆర్ అండ్ బీల మీదైతే ఆయా రాష్ట్ర సమాచార కమిషన్‌కు.