ఆర్కిటిక్ ఏట్లో పది రోజులు: ఉద్దానం నుంచి వెళ్ళేవాళ్ళకి

అలాస్కా వెళ్ళొచ్చాక మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ అడిగేది ఒకటే: "మేడమ్, అంత చలి ఎలా తట్టుకున్నారు?" భయపడాల్సింది చలికి కాదు, తడికి. మన శ్రీకాకుళంలో తడి అంటే సుఖం. మే నెలలో తడిగుడ్డ మెడ మీద వేసుకుని బస్సెక్కుతాం. వాన పడితే పిల్లల్ని ఇంట్లో ఆపలేం. అక్కడ జూన్‌లో ఎండ కాస్తే పగలు స్వెట్టరు కూడా విప్పేస్తాం కానీ, ఒళ్ళు తడిసి గాలి తగిలిందంటే అరగంటలో మనిషి మనిషిలా ఉండదు. నాకే జరిగింది, చెబుతాను.

నేను జువాలజీ లెక్చరర్ని. పుట్టిల్లు వజ్రపుకొత్తూరు మండలం. వయసు 51, మోకాళ్ళు అంతంతమాత్రం. సియాటిల్లో ఉండే మా తమ్ముడితో కలిసి అలాస్కా ఈశాన్య మూలలో కొంగాకట్ అనే ఏట్లో రాఫ్ట్ మీద పది రోజులు వెళ్ళొచ్చాను. రాఫ్ట్ అంటే గాలి నింపిన రబ్బరు తెప్ప, అంతే. భావనపాడులో దుంగలు కట్టిన తెప్ప మీద కెరటం దాటేవాళ్ళని చిన్నప్పటి నుంచి చూసినదాన్ని కాబట్టి అది నాకు కొత్తగా అనిపించలేదు. మిగతావన్నీ కొత్తే.

ముందు ఏరు ఎంచుకోవడం. ఏటి వడిని 1 నుంచి 6 వరకు క్లాసుల్లో చెబుతారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు మూడో క్లాసు దాటి చూడొద్దు. కొంగాకట్ చాలావరకు ఒకటి, రెండు క్లాసుల్లో నడిచి, అక్కడక్కడా మూడుకి వెళుతుంది. బ్రూక్స్ పర్వతాల్లో పుట్టి ఉత్తరంగా పారి బోఫోర్ట్ సముద్రంలో కలుస్తుంది. ఆ ప్రాంతమంతా ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్. 1960లో రక్షిత ప్రాంతంగా ప్రకటించి, 1980లో బాగా పెంచారు. సుమారు 1.9 కోట్ల ఎకరాలు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం. లోపల రోడ్డు లేదు, కాలిబాట లేదు, హోటల్ బోర్డు అసలే లేదు. మంచుకొండలు, హిమానీనదాలు దగ్గర్నుంచి చూడాలనుంటే టాట్షెన్షీనీ ఏరు బాగుంటుందంటారు. కానీ అది కెనడాలో ఎక్కి అలాస్కాలో దిగే ప్రయాణం కాబట్టి రెండు దేశాల వీసాలూ కావాలి. మనకి ఒక్క అమెరికా వీసాకే హైదరాబాద్ ఇంటర్వ్యూ తేదీ దొరకడం గగనం. కనీసం ఏడాది ముందు మొదలుపెట్టండి. ఖర్చు గురించి మొహమాటం లేకుండా చెబుతాను: విమానం టికెట్లు కాక మనిషికి ఐదారు వేల డాలర్ల పైమాటే. మా తమ్ముడు పెట్టుకున్నాడు కాబట్టి వెళ్ళాను, నా జీతంతో అయ్యే పని కాదు.

రాఫ్టు ప్రయాణం నడిపే కంపెనీని ఎంచుకునేటప్పుడు ఫోటోలు చూసి మోసపోకండి. అడగాల్సినవి నాలుగే. రెఫ్యూజ్‌లో గైడింగ్ చేయడానికి మీకు పర్మిట్ ఉందా? గైడుకి డాక్టరు అందని చోట ప్రథమ చికిత్స చేసే శిక్షణ ఉందా? శాటిలైట్ ఫోన్ ఉందా? తిరిగి తీసుకెళ్ళే విమానం రాకపోతే ఎన్ని రోజుల తిండి అదనంగా తెస్తారు? నాలుగో ప్రశ్నకి తడబడితే ఆ కంపెనీని వదిలేయండి. తిండి విషయం ఫారంలో రాసి ఊరుకోకండి. బీఫ్ వద్దని నేను స్పష్టంగా రాశాను, మా కంపెనీలో ఎవరూ చదివినట్టు లేరు. మొదటి మూడు రాత్రులూ అదే వండారు. నేను అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాను. ఫోన్ చేసి నోటితో చెప్పండి, రెండుసార్లు చెప్పండి.

ఎప్పుడు వెళ్ళాలంటే, జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకే వీలు. కారిబూలు, అంటే అక్కడి రెయిన్‌డీర్ జింకలు, కావాలంటే జూన్ చివరి రెండు వారాలు. అప్పటికి తీర మైదానంలో ఈనిన తల్లులు పిల్లలతో కదలడం మొదలుపెడతాయి. జూలై వస్తే దోమలు. మన వరిచేల దోమలు వాటి ముందు సాధువులు. తలకి వేసుకునే దోమవల రెండు కొనుక్కోండి, ఒకటి చిరుగుతుంది.

ఇంటి దగ్గర చేయాల్సిన తయారీ పెద్దదేం కాదు కానీ, ఆరు నెలలు పడుతుంది. నేను ఆదివారాలు శాలిహుండం కొండ ఎక్కిదిగేదాన్ని, వీపున పది కిలోల బియ్యం పెట్టిన బ్యాగుతో. మొదటి రోజు సగంలో కూర్చుండిపోయాను. ఇంకో పని మా తమ్ముడు చెప్పాడు: బేసిన్లో ఐసు, నీళ్ళు పోసి రెండు చేతులూ నిమిషంసేపు ముంచి, వెంటనే బ్యాగు బకిల్ పెట్టడానికి ప్రయత్నించమని. చేపల బజారు నుంచి ఐసు తెప్పించి చేశాను. వేళ్ళు నావి కానట్టే ఉన్నాయి. బకిల్ పడలేదు. ఆ రోజే నాకు నీళ్ళంటే గౌరవం వచ్చింది.

ఇక బట్టలు. నేను ఏళ్ళ తరబడి పొందూరు ఖద్దరు తప్ప కట్టను. దాన్ని ఇంట్లోనే వదిలేశాను. నూలు బట్ట తడిస్తే నీళ్ళు పట్టుకుని ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఇక్కడ మనకి చల్లగా ఉండేది అందుకే, అక్కడ ప్రాణం తీసేదీ అందుకే. లోదుస్తులతో సహా ఉన్ని గానీ పాలిస్టర్ గానీ ఉండాలి. జీన్స్ పూర్తిగా మర్చిపోండి. మేజోళ్ళు ఐదు జతలు, అందులో ఒకటి నిద్రకి మాత్రమే. దాన్ని ఏ పరిస్థితుల్లోనూ పగలు వేసుకోవద్దు. ఈ సామాన్లన్నీ మన దగ్గర వెతికి అలసిపోకండి. అక్కడ అద్దెకిస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం డ్రైసూటు. పాదాల నుంచి మెడ దాకా నీరు చొరని ఒకే తొడుగు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర పల్చటి రబ్బరు పట్టీలు బిగుతుగా పట్టేస్తాయి. గాజుల కొన తగిలినా ఆ రబ్బరు చిరుగుతుంది, అందుకని ఆడవాళ్ళు గాజులు, గొలుసులు తీయాల్సిందే. పుస్తెలు తీయనన్నాను. గైడు ఏమీ వాదించలేదు, చిన్న గుడ్డసంచి ఇచ్చి లోపలి జేబులో పెట్టుకోమంది. తొడుక్కున్నాక గొంతుక్కూర్చుని మెడ పట్టీ కాస్త లాగితే లోపలి గాలి బుస్సుమని పోతుంది. అది మర్చిపోతే నీళ్ళలో బెలూనులా తేలతారు.

నా తప్పు మూడో రోజు జరిగింది. డ్రైసూటుకి ఒంటేలు పోసుకోవడానికి ఓ జిప్పు ఉంటుంది. అక్కడ చెట్లు లేవు, మోకాలెత్తు విల్లో పొదలే. మరుగు కోసం దూరంగా నడిచి, ఎవరైనా చూస్తారేమోనన్న కంగారులో జిప్పు పూర్తిగా లాగలేదు. రెండు వేళ్ళ సందు. మధ్యాహ్నం ఏరు పాయలై, రాఫ్టు గులకరాళ్ళ మీద ఆగిపోయింది. అందరం దిగి లాగాం. తొడల లోతు నీళ్ళు, పైన ఇంకా కరగని మంచుగడ్డ మీంచి వస్తున్న నీళ్ళు. చల్లగా ఏదో కాలి వెంట జారింది. సిగ్గుపడి చెప్పలేదు. కాసేపటికి తమ్ముడు "అక్కా, నీళ్ళు తాగుతావా?" అంటే జవాబు ముద్దముద్దగా వచ్చింది. లైఫ్ జాకెట్ బకిల్ నాలుగుసార్లు జారింది. నాకు మాత్రం అంతా బాగానే ఉందనిపించింది, అదే అందులోని ప్రమాదం. గైడు నా చేతులు చూసి వెంటనే రాఫ్టుల్ని ఒడ్డుకి తిప్పించింది. టెంటులో తడి బట్టలన్నీ తీయించి, పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పెట్టి, బాగా పంచదార వేసిన వేడి కోకో తాగించింది. మామూలు మనిషిని కావడానికి రెండు గంటలు పట్టింది. కాబట్టి మాట తడబడినా, వేళ్ళు తడబడినా, విసుగు ఎక్కువైనా అది చలి లక్షణమే. పక్కవాళ్ళలో చూడండి, మీలో మీకు తెలియదు. జిప్పు పక్కవాళ్ళ చేత చూపించుకోండి, సిగ్గు తర్వాత పడొచ్చు.

నీళ్ళలో పడితే ఏం చేయాలో మొదటి ఉదయమే నేర్పుతారు. చన్నీళ్ళకి వాళ్ళ లెక్క 1-10-1. మొదటి ఒక నిమిషం ఊపిరి ఎగపోస్తుంది, అప్పుడు దాన్ని అదుపు చేసుకోవడమే పని. తర్వాత పది నిమిషాలు చేతులు కాళ్ళు మాట వింటాయి. స్పృహ తప్పడానికి సుమారు గంట. ఈ గంట లైఫ్ జాకెట్ ఉన్నవాళ్ళకే. వెల్లకిలా తేలి, కాళ్ళు ముందుకి, వేళ్ళు నీటిపైకి కనబడేలా ఉంచాలి. వడిలో లేచి నిలబడకూడదు, పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. నాగావళిలో ఈదినవాళ్ళం కదా అన్న గర్వం ఇక్కడే అడ్డొస్తుంది, మనకి వెంటనే లేచి నిలబడాలనిపిస్తుంది. రాఫ్టు రాయికి కొట్టుకుని లేస్తే గైడు "హై సైడ్!" అని అరుస్తుంది. ఆలోచించకుండా రాయి ఉన్న వైపుకే ఒరగాలి. తెడ్డు పైపిడి మీంచి చేయి ఎప్పుడూ తీయకండి. వదిలేసిన పిడి పక్కవాళ్ళ పళ్ళు రాలగొడుతుంది.

ఎలుగుల సంగతికొస్తే, బయల్దేరేటప్పుడు మా అమ్మ అంది: "ఓలమ్మ, జీడితోటలో ఎలుగు సాలలేదేటే నీకు? డబ్బులెట్టి మరీ సూసొస్తావా?" ఉద్దానంవాళ్ళకి నిజానికి సగం పాఠం వచ్చు. తెల్లారుజామున జీడితోటకి ఒంటరిగా వెళ్ళం, మాట్లాడుకుంటూ వెళతాం. అక్కడా పొదల్లో నడిచేటప్పుడు అదే పని. గ్రిజ్లీ ఎదురైతే పరిగెత్తకూడదు. అందరూ ఒక్కచోట చేరి, మెల్లగా మాట్లాడుతూ, వెనక్కి అడుగులేయాలి. మీదికే వస్తే పది మీటర్ల దూరంలో బేర్ స్ప్రే కొట్టాలి. అందులో ఉన్నది మిరపకాయ ఘాటే. దోమల మందులా ఒంటికి పూసుకునేది కాదు, దయచేసి! ప్రయాణికుల విమానంలో దాన్ని ఎక్కనివ్వరు, అలాస్కాలో దిగాక ఫెయిర్‌బ్యాంక్స్ అనే ఊళ్ళో కొనుక్కోవాలి.

వాసన విషయంలో మాత్రం మనం కొత్తగా నేర్చుకోవాలి. తిండే కాదు, టూత్‌పేస్టు, పౌడరు, పెదాలకి రాసుకునేది, ఆఖరికి తలకి రాసే కొబ్బరినూనె కూడా ఎలుగు తెరవలేని డబ్బాలోకే వెళ్ళాలి. ఆ డబ్బాలు, వంట చేసే చోటు టెంట్లకి వంద గజాల దూరం. నా ఆవకాయ సీసాకి మూడు జిప్‌లాక్ కవర్లు తొడిగినా గైడు ఆమడ దూరం నుంచే పసిగట్టింది. పలాస జీడిపప్పు వేయించి సీలు వేసిన ప్యాకెట్లు తీసుకెళ్ళండి. తక్కువ బరువులో బాగా బలమిచ్చే తిండి, గుప్పెడు నోట్లో వేసుకుంటే గంటసేపు చలి దగ్గరికి రాదు. అమెరికాలో దిగగానే తిండి సామాన్లన్నీ కస్టమ్స్ వాళ్ళకి చెప్పేయండి, దాచిపెడితేనే తంటా.

బరువు ఇక్కడ పెద్ద సమస్య. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి చిన్న విమానంలో అక్కడి ఆదివాసులైన గ్విచిన్ జనం ఊరు ఆర్కిటిక్ విలేజ్‌కి, అక్కడి నుంచి ఇంకా చిన్నదానిలో ఏటి ఒడ్డుకి. చక్రాలు బెలూన్లలా లావుగా ఉంటాయి, గులకరాళ్ళ మీదే దిగుతుంది. సామాను మనిషికి 50 పౌండ్లు, అంటే 22 కిలోలు దాటకూడదన్నారు. సామానుతో పాటు మనల్నీ తూస్తారు. పలాసలో జీడి బస్తాలా కాటా ఎక్కాను. తమ్ముడు అంకె చూడబోతే వెనక్కి తిరగమన్నాను.

జంతువుల్ని వెతుక్కుంటూ వెళ్ళకండి, ఒక్కచోట కూర్చోండి. రాత్రి పదకొండుకి కూడా ఎండే, సూర్యుడు అస్తమించడు, కాబట్టి తొందరేం లేదు. (కళ్ళకి గంతలు తీసుకెళ్ళండి, లేకపోతే నిద్ర పట్టదు.) ఏడో రోజు నేను ఒడ్డున రాయి మీద కూర్చుని ఉంటే మొదట చప్పుడు వచ్చింది. ఎవరో వరసగా మెటికలు విరుస్తున్నట్టు టిక్, టిక్, టిక్. కారిబూ నడిచేటప్పుడు పాదంలో స్నాయువు ఎముక మీంచి జారి చేసే శబ్దం అది. పాఠం చెప్పాను గానీ ఎప్పుడూ వినలేదు. ముందు పది, తర్వాత వందలు. తల్లి ఏట్లోకి దిగి ఆగింది, పిల్ల ముంగాళ్ళు తడుపుకుని వెనక్కి గెంతింది. తల్లి గుర్రుమంది. పిల్ల మళ్ళీ దిగింది. మేమెవరం కెమెరా తీయలేదు. కదిలితే మంద మొత్తం మళ్ళుతుందని గైడు ముందే చెప్పింది.

అదే ఒడ్డున గుప్పెడంత పిట్ట కనబడింది, నార్తర్న్ వీటియర్. పాతిక గ్రాములు ఉంటుందేమో. అలాస్కాలో పొదిగి, ఆసియా ఖండమంతా దాటి చలికాలానికి ఆఫ్రికా చేరుతుంది. తేలినీలాపురం గూడబాతుల్ని మనవాళ్ళు సైబీరియా పక్షులంటారు, అవి నిజానికి అంత దూరం నుంచి రావు. ఊరంతా వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటుంటే నేనెందుకు కాదనాలి?

చివరి మాట టికెట్ గురించి. ఏడాది ముందే కొన్నారు కదా అని తిరుగు విమానం మర్నాటికే పెట్టుకోకండి. మేం దిగాల్సిన రోజు సముద్రం వైపు నుంచి పొగమంచు కమ్మింది. విమానం రెండు రోజులు రాలేదు. గైడు శాటిలైట్ ఫోన్లో ఉదయం, సాయంత్రం అడిగేది, "నో" అని తలూపేది. మేం పేకాడాం. జీడిపప్పు గింజలే పందెం. మూడో ఉదయం మంచు విడి ఇంజను చప్పుడు వినబడేసరికి తమ్ముడు నాకు నలభై గింజలు బాకీ ఉన్నాడు, డబ్బాలో మిగిలినవి పన్నెండు.