కిటికీ మార్చాలా, బాగు చేయిస్తే సరిపోతుందా?

పాత కిటికీ గురించి ఎవరిని సలహా అడిగినా, వాళ్ల వాళ్ల పనిని బట్టే జవాబు వస్తుంది. వడ్రంగి "కాస్త చిత్రిక పడితే సరిపోద్దండి" అంటాడు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల షాపాయన "ఇంకా ఈ చెక్కలేంటి సార్, పీకించేయండి" అంటాడు. పెయింటర్ అయితే ఏ జబ్బుకైనా లప్పం, రెండు కోటింగుల రంగు రాసిస్తాడు. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. కానీ కిటికీ మీద వేసే నిందల్లో చాలావాటికి అసలు కారణం పైనున్న సన్‌షేడ్, పక్కనున్న గోడ, కింది గట్టు, లేదంటే వదులైన నాలుగు స్క్రూలు. డబ్బు ఖర్చు పెట్టేముందు అది తేల్చుకోవాలి.

మొదట చూడాల్సింది ఫ్రేము. రెక్కలు, అద్దాలు, గడియలు, మడతబందులు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. గోడలో పాతుకున్న ఫ్రేము తీయాలంటే మాత్రం గోడ చెక్కాలి, మళ్లీ ప్లాస్టరింగ్, మళ్లీ రంగులు. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని ఫ్రేము కింది రెండు మూలల్లో గట్టిగా గుచ్చండి. నీళ్లు నిలిచేది అక్కడే కాబట్టి కుళ్లినా అక్కడే మొదలవుతుంది. మొన పైపైన గీసుకుని ఆగిపోతే చెక్క బాగున్నట్టే. అర అంగుళం మెత్తగా దిగిపోతే పైన రంగు ఎంత మెరుస్తున్నా లోపల పోయినట్టే. తర్వాత టేపుతో ఫ్రేము లోపల ఈ మూల నుంచి ఆ మూలకు, అలాగే రెండో జత మూలలకు కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే ఫ్రేము మట్టంగా ఉంది. తేడా బాగా ఉంటే ఒరిగింది. ఈ రెండూ బాగుంటే మిగతావాటిలో చాలావరకు రిపేరు లెక్కలోకే వస్తాయి.

వానాకాలంలో రెక్క పడటం లేదు

చెక్క చెమ్మ పీల్చుకుంటే అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు పెరగదు. ఆ చెమ్మ ఎక్కువగా ఎక్కేది రెక్క పై అంచు, కింది అంచు నుంచి. కంటికి కనపడని చోట్లు కాబట్టి పెయింటర్లు వదిలేసేవి కూడా అవే. రెక్క కింది అంచు మీద వేలు పెట్టి చూడండి, గరుగ్గా పచ్చి చెక్కే తగులుతుంది.

శ్రావణంలో పట్టేసిందని అప్పుడే చిత్రిక పట్టించేస్తే మార్చి వచ్చేసరికి సందు ఏర్పడి గాలికి టపటపా కొట్టుకుంటుంది. ఎక్కడ ఒరుసుకుంటోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, వానలు తగ్గి చెక్క ఆరాక ఆ గుర్తు మేరకే పట్టించండి. నాలుగు అంచులకూ ప్రైమరు, రంగు వేయించండి.

ఒక్క మూల మాత్రమే ఒరుసుకుంటుంటే అది ఉబ్బు కాదు. పై మడతబందు స్క్రూలు వదులై రెక్క జారింది. స్క్రూ తీసి, ఆ కన్నంలో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్లలో వెదురు పుల్లలో బిగించి, ఆరాక అదే చోట స్క్రూ తిప్పితే మళ్లీ పట్టు దొరుకుతుంది. కాస్త పొడవు స్క్రూ అయితే ఇంకా మంచిది. చాలా ఇళ్లలో "కిటికీలు పోయాయి" అనేది ఈ పనితోనే తీరిపోతుంది.

ఎండాకాలంలో కూడా పడకపోతే, పైగా కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా పగులు కనిపిస్తుంటే, అది వడ్రంగి చూడాల్సిన పని కాదు. పైన లింటెల్ (కిటికీ మీద గోడ బరువు మోసే దూలం) దిగిందో, పునాది కుంగిందో ఇంజినీరుకు చూపించాలి. కొత్త కిటికీ పెట్టినా అదీ బిగుసుకుపోతుంది.

వాన పడితే లోపలికి నీళ్లు

కిటికీలు మార్పించేవాళ్లలో ఎక్కువమంది మార్పించేది ఇందుకే. మార్చాక కూడా నీళ్లు వస్తున్నాయని బాధపడేదీ వాళ్లే. ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవడానికి వాన కోసం చూడక్కర్లేదు. ఒకరు లోపల నిలబడితే ఇంకొకరు బయట నుంచి పైపుతో నీళ్లు పట్టాలి. ముందు కింది గట్టు మీద పది నిమిషాలు, ఆ తర్వాత పక్కల, ఆ తర్వాత పైన, చివరికి సన్‌షేడ్ మీద. కింది నుంచి పైకే పోవాలి. ముందే పైన పడితే నీళ్లు అంతటా కారి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

గట్టు మీద పట్టినప్పుడే లోపలికి వచ్చాయంటే గట్టు వాలు లోపలికి ఉంది. గ్రానైట్ పలక వేసినప్పుడు బయటికి వాలు ఇవ్వకుండా మట్టంగా పరిచేస్తే జరిగేది ఇదే. పలక తీసి వాలుతో మళ్లీ వేయించాలి. బయటి అంచు కింద గోడకు కాస్త దూరంలో ఒక గాడి కొట్టిస్తే నీళ్లు గోడ వెంట పాకకుండా అక్కడే చుక్కలుగా తెగి పడతాయి.

పక్కల నుంచి వస్తే ఫ్రేముకీ గోడకీ మధ్య సందు తెరుచుకుంది. పాత సిమెంటు గీకేసి, శుభ్రం చేసి, బయటివైపు సీలెంట్ నింపాలి. సన్‌షేడ్ మీద పట్టినప్పుడే కిటికీ పైభాగం తడిస్తే తప్పు సన్‌షేడ్‌ది: అది గోడతో కలిసే చోట పగులు, లేదా దాని కింది అంచున నీళ్లు తెగే గాడి లేకపోవడం. లోపల కిటికీ పైన పెచ్చులు ఊడుతుంటే తొంభై పాళ్లు ఇదే. ఇక్కడ కిటికీ మార్చడమంటే డబ్బు వానలో పోయడమే.

స్లైడింగ్ కిటికీల్లో ఇంకో కారణం ఉంది. కింది ట్రాకులోకి నీళ్లు రావడం తప్పు కాదు, అవి బయటికి పోయేలా చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, చచ్చిన పురుగులు, పెయింటింగ్ నాటి సిమెంటు వాటిని మూసేస్తాయి. ట్రాకులో మగ్గుడు నీళ్లు పోయండి. నిమిషంలో బయటికి పోకపోతే సన్న తీగతో పొడవండి. కొన్ని ఇళ్లలో అసలు రంధ్రాలే కొట్టరు, లేదా కొట్టాక బయట సిలికాన్ పూసి మూసేస్తారు. కిటికీ చేసినవాడిని పిలిచి కొట్టించుకోవచ్చు.

పొడి రాలుతోంది, మట్టి గీతలు కనిపిస్తున్నాయి

రెండూ ఒకటి కాదు. చెక్కలో గుండుసూది తలంత కన్నాలు, కింద మెత్తటి పిండిలాంటి పొడి ఉంటే అది పుచ్చు. ఒక రెక్కకో ముక్కకో పరిమితమైతే ఆ ముక్క మార్చి, మిగతాదానికి మందు పట్టిస్తే సరిపోతుంది. గోడ మీద నుంచి ఫ్రేము దాకా సన్నటి మట్టి గొట్టాలు కనిపిస్తే చెద. తడితే డొల్ల శబ్దం వస్తుంది. చెద నేల నుంచి వస్తుంది కాబట్టి, నేలకూ గోడకూ మందు పట్టించకుండా ఫ్రేము మార్చడం దండగ. యూపీవీసీని చెద తినదు, నిజమే. కానీ దాన్ని దాటుకుని పక్కన ఉన్న కప్‌బోర్డుకు వెళ్తుంది. ముందు పెస్ట్ కంట్రోల్, తర్వాతే కిటికీ.

ఊచల దగ్గర ఫ్రేము చీలింది

పాత ఇళ్లలో ఇనుప ఊచలు కింది చెక్కలోకి దిగి ఉంటాయి. ఆ కన్నంలో నీళ్లు చేరి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి చెక్కను లోపల నుంచే చీల్చేస్తుంది. చీలికలో ఎపాక్సీ జిగురు నింపి రంగు వేస్తే ఒకటి రెండేళ్లు నడుస్తుంది, అంతే. ఊచ మిగిలి ఉన్నంతకాలం తుప్పు ఆగదు. చీలిక ఫ్రేము మూలదాకా పాకితే మార్చాల్సిందే.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలి వల్ల ఇది త్వరగా వస్తుంది. అక్కడ కొత్త కిటికీకైనా స్క్రూలు, మడతబందులు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కంటే 316 రకం అడగడం మేలు. ఉప్పును తట్టుకునేది అదే.

వేడి, రోడ్డు రొద, దుమ్ము

పడమటి కిటికీ నుంచి వేడి వస్తుంటే ముందు బయటివైపు నీడ చూడండి: వెదురు తడిక, వట్టివేళ్ల చాప, పొడవైన సన్‌షేడ్, ఏదైనా సరే. అద్దం దాటి లోపలికి వచ్చేసిన ఎండను కర్టెన్ బయటికి పంపలేదు. రొద, దుమ్ము వచ్చేది సందుల నుంచి. రబ్బరు గ్యాస్కెట్లు మార్చి చూడండి, ఆ తర్వాతే డబుల్ గ్లాస్ గురించి ఆలోచించండి. మార్చాల్సివస్తే, రొద కోసమైతే స్లైడింగ్ కాకుండా రెక్కలు తెరుచుకునే రకమే తీసుకోండి. అది రబ్బరు మీద బిగుసుకుంటుంది, స్లైడింగ్‌కు బ్రష్షు మాత్రమే అడ్డం.

అల్యూమినియం స్లైడింగ్ బరువుగా కదిలితే రోలర్లు అరిగాయి. వాటిని మార్చడం ఒక పూట పని.

ఇక మార్చక తప్పదు అనేది ఎప్పుడు

ఫ్రేము మూలలు మెత్తబడితే. మట్టం తప్పి, గోడ సరిచేశాక కూడా రెక్క కూర్చోకపోతే. చెద ఫ్రేము నిలువు చెక్కలదాకా ఎక్కితే. అల్యూమినియం సన్నగా ఉండి మూలలు విడిపోతే. ఇవి కాకుండా "పాతబడింది" అన్నది ఒక్కటే కారణం అయితే నేను తొందరపడను. ముఖ్యంగా టేకు అయితే. గట్టి పాత టేకు ఫ్రేము ఉంచుకుని రెక్కలు మాత్రం కొత్తవి చేయించుకోవడం ఇప్పుడు దొరికే చాలా కిటికీల కంటే మెరుగు. అన్నీ ఒకేసారి మార్చాలన్న నియమం కూడా లేదు. వాన కొట్టే వైపు రెండు కిటికీలు మార్చి, ఒక వానాకాలం చూసి, మిగతావాటి సంగతి తేల్చుకోవచ్చు. అపార్టుమెంటులో అయితే బయటి రంగు, ఆకారం మార్చేముందు అసోసియేషన్‌ను అడగండి, లేకపోతే తర్వాత గొడవ.

కాంట్రాక్టర్‌ని ఎలా పట్టుకోవాలి

కొటేషన్‌లో చదరపు అడుగు ధర ఒక్కటే చూస్తే తక్కువ చెప్పినవాడే మంచివాడనిపిస్తాడు. కొలత ఎలా వేస్తాడో అడగండి. 4 అడుగుల 2 అంగుళాల చదరపు కిటికీ నిజానికి 17.36 చదరపు అడుగులు. దాన్ని "నాలుగున్నర"గా సర్ది వేస్తే 20.25 అవుతుంది. పది కిటికీలకు దాదాపు 29 చదరపు అడుగులు ఊరికే కట్టినట్టు. బాత్‌రూమ్ వెంటిలేటర్లకు కనీస కొలత పెట్టేవాళ్లూ ఉన్నారు. పాత ఫ్రేము తీయడం, చెత్త ఎత్తడం, చెక్కిన చోట ప్లాస్టరింగ్, దోమల మెష్, రవాణా, జీఎస్టీ: ఇవి ధరలో ఉన్నాయా లేవా కాగితం మీద రాయించుకోండి. "అన్నీ కలిపేనండి" అనే నోటిమాట ప్లాస్టరింగ్ దగ్గరకు వచ్చేసరికి "అది మేస్త్రీ పని కదండీ"గా మారుతుంది.

యూపీవీసీ అయితే ప్రొఫైల్ (ఫ్రేముకూ రెక్కలకూ వాడే ప్లాస్టిక్ పట్టీ) కంపెనీ, సిరీస్ పేరు, లోపలి ఉక్కు మందం, అద్దం మందం రాయించుకోవాలి. సరుకు వచ్చాక కాస్త బలమైన అయస్కాంతం తీసుకుని ఫ్రేముకీ రెక్కలకీ నాలుగు వైపులా ఆనించి చూడండి. ఎక్కడ అంటుకోకపోతే అక్కడ ఉక్కు లేదు. టఫెన్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) అంటే మూలలో ముద్ర ఉందేమో చూడండి. ఆ అద్దాన్ని కాల్చాక కోయడం కుదరదు, కాబట్టి కొలతలు తప్పితే మళ్లీ చేయించాల్సిందే. అందుకే కొలతలు తీసేవాడు వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలుస్తున్నాడా, ఒక్కసారి టేపు లాగి వెళ్లిపోతున్నాడా అన్నది గమనించండి. నా లెక్కలో కాంట్రాక్టర్ పరీక్ష అక్కడే అయిపోతుంది.

తీరంలో ఉండేవాళ్లు గాలి సంగతి కూడా అడగాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో కట్టడాల లెక్కకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50 మీటర్లు. చూడటానికి చిన్న తేడానే కానీ అద్దం మీద ఒత్తిడి దాదాపు 30 శాతం పెరుగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాళ్లకు ఇది వివరంగా చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో వేసిన అద్దం, ఉక్కు మందాలే అక్కడా వేస్తానంటే ఒప్పుకోవద్దు.

అతను చేసిన పాత పని చూపించమనండి. నిన్న మొన్న పెట్టింది కాకుండా, రెండు మూడు వానాకాలాలు చూసిన ఇల్లు. అక్కడ కిటికీని చూడటం కాదు, దాని చుట్టూ ఉన్న గోడను చూడండి. పెచ్చులు, పసుపు మరకలు ఉంటే బిగింపు బాగోలేదు. ఇంటివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "రిపేరుకు పిలిస్తే వచ్చాడా?" ఇంకొకటి, షాపులో మాట్లాడినాయన వేరు, మీ ఇంటికి వచ్చి బిగించే కుర్రాళ్లు వేరు. వాళ్లు ఎవరి మనుషులో ముందే తెలుసుకోండి.

బిగించే రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఫ్రేముకీ గోడకీ మధ్య సందు వేలు మందం లోపే ఉండాలి. పిడికిలి పట్టే సందుని ఫోమ్‌తో నింపి పైన సిలికాన్ పూసేస్తుంటే ఆపండి, ముందు సిమెంటుతో సరిచేయమనండి. ఫోమ్ సందును నింపుతుందే కానీ వానను ఆపదు. సిలికాన్ పూస్తున్నప్పుడు వెనిగర్ వాసన ఘాటుగా వస్తే అది సిమెంటు గోడకు సరిగ్గా పట్టని రకం. బయటి వాతావరణానికి పనికొచ్చే న్యూట్రల్ రకం తెమ్మనండి. ధరలో తేడా పెద్దగా ఉండదు.

పాత టేకు చెక్కల సంగతి కొటేషన్ దశలోనే మాట్లాడుకోండి. "పాత సరుకు మేం తీసుకెళ్తాం" అన్నది చాలామంది మామూలుగా అనేస్తారు. పాత కలప కొనే దుకాణంలో ముందు ఒకసారి ధర కట్టించి, ఆ మొత్తం బిల్లులో తగ్గించమని అడగండి, లేదా మీరే అమ్ముకోండి.

సరుకు తయారీకి అడ్వాన్సు ఇవ్వక తప్పదు, కానీ మొత్తం ముందే ఇవ్వకండి. సరుకు ఇంటికి చేరాక కొంత, బిగించాక కొంత ఇచ్చి, పదో వంతు ఆపుకోండి. సీలెంట్ ఆరాక, మొదట చెప్పిన వరసలోనే కింది నుంచి పైకి పైపుతో నీళ్లు కొట్టి, లోపల చుక్క రాలేదని అతని ఎదురుగానే చూశాక ఆ పదో వంతు ఇవ్వండి. ఈ షరతు మొదటి రోజే చెబితే మంచి పనివాడు ఏమీ అనుకోడు.