స్థిరాంకాలు మారతాయా? – 4వ పాఠం: జంట రేఖల తర్వాత ఇనుము

ఆల్ఫా అంటే విద్యుదయస్కాంత బలం ఎంతో చెప్పే స్థిరాంకం. దూరపు మేఘంలోని మెగ్నీషియం వర్ణపట రేఖలను బట్టి, కాంతి అక్కడి నుంచి బయల్దేరినప్పుడు ఆల్ఫా ఎంతో తేల్చమని పోయిన పాఠంలో లెక్క ఇచ్చాను. చాలామంది ఒకే జవాబు రాశారు: 'ఆల్ఫా అప్పట్లో 41 శాతం ఎక్కువ'. అది తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో తేలకుండా ఇనుము రేఖల జోలికి వెళ్తే అన్నీ తలకిందులవుతాయి. అందుకే ముందు ఆ లెక్కే చూద్దాం.

మెగ్నీషియం అయాన్ జంట రేఖలు ప్రయోగశాలలో 2796.35, 2803.53 ఆంగ్‌స్ట్రామ్‌ల (మీటరులో వెయ్యి కోట్ల వంతు) దగ్గర ఉంటాయి. తేడా 7.18. క్వేజార్ (దూరపు గెలాక్సీ నడిబొడ్డున అతి ప్రకాశంగా వెలిగే వస్తువు) వెలుగుకు అడ్డొచ్చిన ఓ మేఘంలో, రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర (విశ్వం వ్యాకోచించడం వల్ల తరంగదైర్ఘ్యం సాగడమే రెడ్‌షిఫ్ట్; 1 అంటే రెండింతలు), అవే రేఖలు 5592.70, 5607.06 దగ్గర పడ్డాయి. తేడా 14.36. ఈ ఎడం ఆల్ఫా వర్గాన్ని బట్టి ఉంటుందని చదువుకున్నాం కాబట్టి ఆల్ఫా వర్గం రెట్టింపయిందని మీరు తేల్చేశారు.

రెడ్‌షిఫ్ట్ ప్రతి తరంగదైర్ఘ్యాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తుంది. కాబట్టి మధ్యనున్న ఎడాన్నీ గుణిస్తుంది. ఫొటోను రెండింతలు పెద్దది చేస్తే కళ్ల మధ్య దూరం కూడా రెండింతలవుతుంది, మనిషి మొహం మాత్రం మారదు. రెడ్‌షిఫ్ట్ 0.5 దగ్గర ఎడం 10.77, 2 దగ్గర 21.54, 3 దగ్గర 28.72. వీటిలో ఎక్కడా ఆల్ఫా కదల్లేదు. తీసివేత మానేసి భాగించండి: ప్రయోగశాలలో 1.002568, మేఘంలోనూ 1.002568. ఆల్ఫా మారితే ఈ నిష్పత్తి మారాలి. దయచేసి ఈ ఒక్కటి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

ఇక అసలు విషయం. ఆల్ఫా లక్షలో ఒక వంతు పెరిగితే మెగ్నీషియం జంట ఎడం మారేది 0.00014 ఆంగ్‌స్ట్రామే. అంత సన్న మార్పు పట్టుకోవడం చాలా కష్టం. 1999లో భౌతిక శాస్త్రవేత్తలు వెబ్, ఫ్లాంబామ్‌ల బృందం వేరే దారి తీసింది: ఒకే మేఘంలోని వేర్వేరు మూలకాల రేఖల్ని పోల్చడం. కేంద్రకం ఆవేశం ఎక్కువైన కొద్దీ దాని దగ్గరికొచ్చే ఎలక్ట్రాన్ల వేగం పెరుగుతుంది, సాపేక్ష ప్రభావం (కాంతి వేగానికి దగ్గరవుతున్న కొద్దీ కనిపించే ఐన్‌స్టీన్ సిద్ధాంత ప్రభావం) బలపడుతుంది. ఆ ఆవేశం మెగ్నీషియానికి 12, ఇనుముకు 26. అందుకే ఆల్ఫాలో అదే మార్పుకు ఇనుము 2382.76 రేఖ దాదాపు 0.0017 ఆంగ్‌స్ట్రామ్‌లు పొట్టి వైపు జరుగుతుంది, మెగ్నీషియం రేఖలు పెద్దగా కదలవు. మెగ్నీషియాన్ని మేకులా పాతిపెట్టి ఇనుమును చూడాలన్నమాట.

నేనైతే ఆంగ్‌స్ట్రామ్‌లు పక్కన పెట్టి అన్నీ వేగంలోకి మార్చేస్తాను: జరుగుబాటును తరంగదైర్ఘ్యంతో భాగించి కాంతి వేగంతో గుణించడమే. లక్షలో ఒక వంతు మార్పుకు ఇనుము, మెగ్నీషియం మధ్య సెకనుకు సుమారు 175 మీటర్లు. రెడ్‌షిఫ్ట్ ఎంతైనా ఈ అంకె అదే, అందుకే నాకిది ఇష్టం.

హవాయిలోని కెక్ టెలిస్కోప్ వర్ణపటాల్లో 143 మేఘాల సగటు తీస్తే (2004) ఆల్ఫా అప్పట్లో లక్షలో 0.57 వంతు తక్కువని వచ్చింది. చిలీలోని వీఎల్‌టీ (వెరీ లార్జ్ టెలిస్కోప్)తో చూస్తే 2011లో ఆకాశంలో ఇంకోవైపు ఎక్కువని వచ్చింది. తర్వాత గ్రహశకలాల మీద నుంచి వచ్చే సూర్యకాంతితో, సూర్యుడి లాంటి నక్షత్రాలతో ఆ పరికరాలను పరీక్షించారు. తరంగదైర్ఘ్యాల స్కేలే సాగి ఉంది: ప్రతి 1000 ఆంగ్‌స్ట్రామ్‌లకు సెకనుకు 200 మీటర్ల దాకా వక్రత. ఆ స్కేలు గీయడానికి వాడే థోరియం దీపం కాంతి, నక్షత్ర కాంతి పరికరంలోకి సరిగ్గా ఒకేలా ప్రవేశించకపోవడమే అనుమానించాల్సిన చోటు. 2022లో వీఎల్‌టీకే అమర్చిన ఎస్ప్రెస్సో అనే వర్ణపట పరికరంతో సుమారు 850 కోట్ల ఏళ్ల నాటి ఒక మేఘాన్ని కొలిస్తే మార్పు 10 లక్షల్లో 1.3 వంతు, దోషపరిధి కూడా అంతే. అంటే సున్నాతో సరిపోతుంది. నాకు ఈ ఒక్క మేఘం మీదున్న నమ్మకం పాత సగటుల మీద లేదు.

అభ్యాసం: రెడ్‌షిఫ్ట్ 1.15 మేఘంలో మెగ్నీషియం రేఖలు 6012.152, 6027.590 దగ్గర, ఇనుము 5122.930 దగ్గర కనిపించాయి. ఆల్ఫా ఎంత, ఎటు మారిందో వేగంలో తేల్చండి. తర్వాత పైన చెప్పిన వక్రత పూర్తిగా ఉందనుకుని, రెండు దిశల్లోనూ సరిదిద్ది మళ్లీ చేయండి. మూడు జవాబులూ పంపాలి. తరంగదైర్ఘ్యాలన్నీ శూన్యంలోవే వాడండి. గాలిలో కొలిచిన పట్టిక నుంచి మెగ్నీషియం తీసుకుంటే 0.82 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడా, అంటే సెకనుకు 88 కిలోమీటర్లు, ఒక్క దెబ్బతో లోపలికొచ్చేస్తుంది.