మీ ఎలక్ట్రిక్ బండి గురించి దారిన పోయేవాళ్లు అడిగితే ఎలా మాట్లాడాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు సూర్యాపేట దగ్గర కారు ఛార్జింగ్‌కు పెడతాను. అక్కడ ఆగే ముప్పావుగంటలో టీకి పది నిమిషాలు పోతే, మిగతాదంతా జవాబులు చెప్పడానికే సరిపోతుంది. ఎలక్ట్రిక్ బండ్లకుండే పచ్చ నంబర్ ప్లేటు కనిపిస్తే చాలు, మనవాళ్లు ఆగుతారు. ముందు కారుకు తగిలించిన ఛార్జింగ్ గన్ను చూస్తారు, తర్వాత వైరు చూస్తారు, ఆ తర్వాత మన మొహం చూస్తారు.

"అన్నా, ఫుల్ ఛార్జింగ్ పెడితే ఎంత వస్తది?"

మొదటి ఏడాది ఈ ప్రశ్నకు షోరూమ్ కుర్రాడిలా జవాబు చెప్పేవాణ్ని. ఎవరూ నమ్మేవారు కాదు. రెండో ఏడాది విసుగొచ్చి "బానే వస్తుంది" అని ఫోన్ చూసుకునేవాణ్ని. అది ఇంకా తప్పు, అడిగినవాడు చిన్నబుచ్చుకుని వెళ్లేవాడు. ఇప్పుడు నాకంటూ ఒక పద్ధతి కుదిరింది. కొత్తగా ఈవీ, అంటే ఎలక్ట్రిక్ బండి, కొన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కారైనా స్కూటరైనా ప్రశ్నలు దాదాపు ఇవే.

1. అడగకముందే మీ లెక్క మీరు తెలుసుకోండి

కంపెనీ చెప్పిన అంకెలు ఎదుటివాడు కూడా యూట్యూబ్‌లో చూసే వస్తాడు. అతనికి కావలసింది మీ అంకె. ఒక నెల పాటు తిరిగిన కిలోమీటర్లు, మీటర్లో కాలిన యూనిట్లు రాసుకోండి. ఛార్జింగ్ ప్లగ్గుకు విడిగా చిన్న సబ్ మీటర్ పెట్టించుకుంటే ఇంకా సులువు.

నా లెక్క ఇది. కారు బ్యాటరీ దాదాపు 40 యూనిట్లది. ఏసీ వేసుకుని సిటీలో తిరిగితే యూనిట్‌కు 7 కిలోమీటర్లు వస్తుంది. నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతాను. అంటే 170 యూనిట్ల పైన. ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి మీటర్ మీద 190 దాకా పడుతుంది. యూనిట్ పది రూపాయల చొప్పున వేసుకున్నా 1,900. అదే దూరం లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారులో వెళ్తే 80 లీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున వేసుకుంటే 8,500 దాటుతుంది.

ఈ లెక్క చెప్పేటప్పుడు రెండు మాటలు మింగేయకండి. ఇంటి మీటర్ మీదే ఛార్జింగ్ పెడితే బిల్లు పై స్లాబ్‌లోకి వెళ్తుంది. అందుకే నేను పది రూపాయలు వేశాను. రెండోది, హైవే మీద ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ ఇరవై రూపాయల పైమాటే, దాని మీద జీఎస్టీ. అక్కడ కిలోమీటర్‌కు నాలుగు రూపాయలు పడుతుంది. డీజిల్ కారుతో పోలిస్తే మిగిలేది కొంచెమే. ఎక్కువ తిరుగుడు ఊళ్ల మధ్యే అయితే ఈ డబ్బు లెక్క పెద్దగా కుదరదని మీరే ముందు చెప్పేయండి.

2. జవాబు చెప్పేలోపు ఒక ఎదురు ప్రశ్న వేయండి

"రోజుకు ఎంత తిరుగుతారన్నా?" ఈ ఒక్క ప్రశ్నతో ఎదుటివాడు ఎందుకు అడిగాడో తెలిసిపోతుంది. కొనాలనుకునేవాడు ఠక్కున అంకె చెప్తాడు. ఊరికే అడిగినవాడు నవ్వేసి "ఏం లే, అట్లనే అడిగిన" అంటాడు. వాదనకు వచ్చినవాడు మన ప్రశ్న పట్టించుకోకుండా రెండో ప్రశ్న వేస్తాడు. ముగ్గురికీ ఒకే జవాబు పనికిరాదు.

కొనాలనుకునేవాళ్లను ఇంకో ప్రశ్న కూడా అడగండి: బండి పెట్టే చోట ప్లగ్ ఉందా? ఒకసారి విజయవాడలో ఒకావిడ స్కూటర్ గురించి అడిగింది. "పిల్లల్ని స్కూల్లో దింపి, షాపు దాకా వెళ్లి రావాలి అన్నయ్యా, మొత్తం పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో." పాతిక కిలోమీటర్లకు ఏ స్కూటరైనా చాలు. అయితే వాళ్లది మూడో అంతస్తు, కింద సెల్లార్లో అసోసియేషన్ ప్లగ్ ఇవ్వదు. అప్పుడు మాట్లాడాల్సింది బ్యాటరీ గురించి కాదు, అసోసియేషన్ ప్రెసిడెంటుతో ఎలా మాట్లాడాలన్నదాని గురించి. ఆ రోజు మేం అదే మాట్లాడుకున్నాం.

3. "ఎంత వస్తది?" అంటే రెండు అంకెలు చెప్పండి

ఒకటి కంపెనీది, ఒకటి మీది. "కంపెనీ నాలుగు వందల పైన అంటుంది. నాకు సిటీలో 270, హైవే మీద వంద స్పీడులో 230 వస్తుంది." తేడా ఎందుకని అడిగితే బైకు మైలేజీ గుర్తు చేయండి. సర్టిఫికెట్‌లో ఉండే అంకె ల్యాబ్‌లో నిదానంగా నడిపి తీసింది. షోరూమ్‌లో అరవై అన్న బండి మన చేతిలో నలభై అయిదు ఇవ్వడం అందరికీ అలవాటే కదా.

తర్వాత దాన్ని ఊళ్లలోకి మార్చండి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, కాబట్టి మధ్యలో ఒకసారి ఆగాల్సిందే. ఇలా చెప్తే వెంటనే అర్థమవుతుంది.

"ఛార్జింగ్‌కు ఎంతసేపు?" అన్నదీ ఇలాగే. ఇంట్లో గీజర్ ప్లగ్ లాంటి 16 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే ఖాళీ బ్యాటరీ నిండడానికి పద్నాలుగు గంటలు పట్టొచ్చు. ఈ మాట వినగానే ఎదుటివాడు నోరు తెరుస్తాడు. వెంటనే రెండో సగం చెప్పాలి. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగితే రెండు మూడు గంటల్లో ఆ ఖర్చయినంతా నిండుతుంది, అదీ మనం నిద్రపోతున్నప్పుడు.

4. "కాలిపోతాయంటగా?" అంటే నవ్వకండి

ఈ ప్రశ్న దగ్గర చాలామంది ఈవీ వాళ్లు తప్పు చేస్తారు. "పెట్రోలు బండ్లు కాలవా?" అని ఎదురు తిరుగుతారు. అడిగినవాడిది ఎగతాళి కాదు, భయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. మన దగ్గర జరిగిన సంగతి అది. ఎవరి చుట్టం ఎవరో మనకు తెలియదు.

కాబట్టి ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత ఏం మారిందో చెప్పండి. ఆ ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీల పరీక్షలు కఠినం చేసింది. ఏఐఎస్ 156 అనే ప్రమాణంలోని కొత్త నిబంధనలు 2022 డిసెంబర్‌లో మొదటి దశ, 2023 మార్చి చివర్లో రెండో దశ అమల్లోకి వచ్చాయి. సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొనేవాళ్లు బండి ఎప్పుడు తయారైందో చూసుకోవాలని తప్పకుండా చెప్పండి.

ఆ పైన మీరు ఇంట్లో ఏం చేస్తారో చెప్పండి. జనం శ్రద్ధగా వినేది ఇదే. నేను చెప్పేవి ఇవి: తీసి పట్టుకెళ్లే బ్యాటరీని పడగ్గదిలో పెట్టొద్దు. గుమ్మానికి అడ్డంగా పెట్టొద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మరో ఎక్స్‌టెన్షన్ తగిలించొద్దు. బండితో వచ్చిన ఛార్జర్ తప్ప బజారులో దొరికేది వాడొద్దు. ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించుకోవాలి.

ఎర్తింగ్ గురించి నాకు మా అత్తగారింట్లో తెలిసొచ్చింది. రాత్రి పదకొండింటికి చేరి ఛార్జర్ పెడితే ఎర్ర లైటు వెలిగింది, బండి కరెంటు తీసుకోనంది. ఇల్లు కట్టి పాతికేళ్లయింది, ప్లగ్గులో మూడు రంధ్రాలున్నాయి గానీ మూడోదానికి వైరే లేదు. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్త్ పెట్టాడు. "పాతికేళ్లు ఈ ఇంట్లో ఫ్రిజ్జూ గీజరూ ఎట్టా వాడార్రా నాయనా" అని మా మామగారు ఆశ్చర్యపోయారు. ఈ కథ చెప్పాక చాలామంది తమ ఇంటి ప్లగ్గు గురించి ఆలోచనలో పడటం చూశాను.

5. బ్యాటరీ ధర అడిగితే దాచకండి

"ఏవండీ, బ్యాటరీ పోతే ఎంతవుద్దండీ?" కారుకైతే లక్షల్లోనే అవుతుంది. ఆ మాట మీ నోటి నుంచే రావాలి. తర్వాత వారంటీ సంగతి: కార్లకు ఎక్కువ కంపెనీలు ఇచ్చేది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. బ్యాటరీ ఒక్కరోజున చచ్చిపోదు, ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది. ఎంత తగ్గితే వారంటీలో మార్చి ఇస్తారో కాగితంలో రాసి ఉంటుంది, కొనేముందు అది చదవమనండి.

రీసేల్ గురించి కూడా అడుగుతారు. తక్కువే. నేనైతే "పదేళ్లు వాడాలనుకుంటేనే కొనండి" అంటాను.

6. చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు

వానకు షాక్ కొడుతుందా? కొట్టదు. చాలా బ్యాటరీలకు ఐపీ67 రేటింగ్ ఉంటుంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని పరీక్ష. అలాగని వరదలోకి తోలమని కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో బండ్లు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. ఏ రేటింగూ దానికోసం ఇచ్చింది కాదు.

ఘాట్ ఎక్కుతుందా? తిరుపతి నుంచి తిరుమలకు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుపుతోంది. ఈ ఒక్క మాట చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. దిగేటప్పుడు బ్రేకు వేస్తే కొంత ఛార్జింగ్ తిరిగి ఎక్కుతుందంటే మాత్రం ఎవరూ ఒక పట్టాన నమ్మరు. స్క్రీన్ మీద చూపించాల్సిందే.

లైసెన్స్ అక్కర్లేదంటగా? 250 వాట్ల లోపు మోటారు ఉండి, గంటకు 25 కిలోమీటర్లు దాటని స్కూటర్లకే ఆ మినహాయింపు. మిగతావాటికి లైసెన్స్, రిజిస్ట్రేషన్, హెల్మెట్, ఇన్సూరెన్స్ అన్నీ మామూలే. పదో తరగతి పిల్లాడికి బండి కొనాలనుకునే తండ్రి ఈ ప్రశ్న అడుగుతాడు, కాబట్టి జవాబు గట్టిగా చెప్పండి.

ట్యాక్స్ లేదంటగా? తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 చివరిదాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. రాష్ట్రం మారితే లెక్క మారుతుంది, ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోమని చెప్పి ఊరుకోండి. సబ్సిడీల గురించి అసలు మాటివ్వకండి. మనం చెప్పింది నమ్మి వెళ్తే అప్పటికి అది తీసేసి ఉండొచ్చు.

7. "కరెంటు బొగ్గుతోనే కదా వచ్చేది?"

ఇది ఎక్కువగా రిటైరైన ఇంజనీర్లు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు అడుగుతారు. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. నిజమే, రామగుండంలో కాలేది బొగ్గే. అయితే పెట్రోలు ఇంజిన్‌లో పోసిన ఇంధనంలో చక్రం దాకా చేరేది పావు వంతు అటూ ఇటూ, మిగతాది వేడిగా పోతుంది. మోటారులో అయితే ఇచ్చిన కరెంటులో ఎక్కువ భాగం చక్రానికే చేరుతుంది. పొగ మన వీధిలో కాకుండా ప్లాంటు దగ్గర వస్తుంది. ప్లాంటు పక్క ఊళ్లవాళ్లకు అది మంచి వార్త కాదన్నదీ నిజమే. నేను మాత్రం కారు కొన్నది డబ్బు లెక్క చూసుకునే. పర్యావరణాన్ని ఉద్ధరిస్తున్నానని చెప్పుకుంటే వాదన తెగదు, పైగా మీరు పెట్టుకున్న ఏసీ దాకా వస్తుంది.

8. వాదనకు వచ్చినవాళ్లకు "మీకు వద్దు" అనండి

ఒక పురుగుమందుల కంపెనీ మార్కెటింగ్ ఆయన అరగంట సేపు నన్ను నిలదీశాడు. రోజుకు నాలుగు వందల కిలోమీటర్లు, అన్నీ లోపలి పల్లెలే, ఏ రాత్రి ఏ లాడ్జిలో ఉంటాడో తనకే తెలియదు. "సార్, మీకు డీజిలే నయం" అన్నాను. ఒక్కసారిగా గొంతు దిగింది. "అదే నేను మా బామ్మర్దికి చెప్పేది" అంటూ నా టీకి కూడా తనే డబ్బులిచ్చాడు. నిజానికి ఆయన వాదిస్తున్నది నాతో కాదు, ఇంట్లో రోజూ ఈవీ కొనమని పోరుతున్న బామ్మర్దితో.

ఎంత చెప్పినా వినకపోతే బండి చూపించండి. డ్రైవింగ్ సీట్లో మీరే కూర్చుని, వాళ్లను పక్కన ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పండి. "స్టార్ట్ అయిందా?" అని అడుగుతారు, అప్పటికే బండి కదులుతూ ఉంటుంది. స్టీరింగ్ మాత్రం కొత్తవాళ్లకు ఇవ్వకండి. యాక్సిలరేటర్ మీద కాలు పడగానే ఇది దూకుతుంది, క్లచ్‌కు అలవాటైన ఎడమ కాలు కంగారుగా బ్రేకు తొక్కుతుంది. మా బాబాయ్ చేతిలో మా గేటు అలాగే పోయింది.

9. గన్ తీసే టైముకు మాట ముగించండి

ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. అక్కడి నుంచి కబుర్లు చెప్తూ కూర్చుంటే వెనక ఆగిన ఈవీ వాడికి అన్యాయం. ముందు గన్ తీసి, కారు పక్కకు పెట్టి, అప్పుడు మిగతా మాటలు పూర్తి చేయండి. ఎవరైనా ఫోన్ నంబర్ అడిగితే, నిజంగా కొనేలా కనిపిస్తేనే ఇవ్వండి. నేను ఇచ్చినవాళ్లలో ఇద్దరు కొన్నారు. ఒకాయన కొనలేదు గానీ పండక్కి మెసేజ్ పెడతాడు, కింద ఎప్పుడూ ఒకటే ప్రశ్న ఉంటుంది: "ఇప్పుడెంత వస్తంది అన్నా?" ప్రతిసారీ ఆ నెల లెక్క చూసి అంకె పంపిస్తాను.