వైకుంఠధామంలో యాది సభ ఎలా పెట్టాలి?

మనిషి పోయిన ఇంట్లో పదకొండు రోజులు ఒకటే జనం. పన్నెండో రోజు టెంటు విప్పి, కుర్చీలు ట్రాలీలో ఎక్కించాక ఆ పోయినవాళ్ల పేరు ఎత్తేవాళ్లు ఉండరు. ఎత్తితే ఎక్కడ ఏడుస్తారోనని చుట్టాలు కూడా మాట మారుస్తారు. యాది సభ ఆ తర్వాతి రోజుల కోసం. నలుగురూ ఊరి వైకుంఠధామంలోనే, అంటే శ్మశానంలోనే కూర్చుని, తమవాళ్ల గురించి తలా నాలుగు మాటలు చెప్పుకోవడం, అంతే.

స్విట్జర్లాండ్‌లో బెర్నార్డ్ క్రెటాజ్ అనే సామాజిక శాస్త్రవేత్త 2004లో ఇలాంటి కూడిక మొదలుపెట్టాడు. అది చూసి జాన్ అండర్‌వుడ్ 2011లో లండన్‌లో ‘డెత్ కేఫ్’ పెట్టాడు. టీ తాగుతూ చావు గురించి మాట్లాడుకోవడమే అక్కడి పని. న్యూయార్క్‌లో 1838 నాటి గ్రీన్‌వుడ్ శ్మశానంలోనూ ఇవి జరుగుతుంటాయి. అయినా మనం అంత దూరం చూడాల్సిన పని లేదు. కరీంనగర్ కార్ఖానగడ్డలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళిని సమాధుల దగ్గరే చేసుకుంటాయి. సున్నం వేసి, పూలు చల్లి, దీపాలు పెట్టి, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి తెస్తారు, పటాకులు కూడా కాలుస్తారు.

ఎవరిని అడగాలి

పల్లెలో అయితే సర్పంచ్‌నూ పంచాయతీ కార్యదర్శినీ, వరంగల్, హనుమకొండల్లో అయితే మహానగర పాలక సంస్థనూ అడగాలి. తెల్లకాగితం మీద తేదీ, సమయం, ఎంతమంది వస్తారు, మైకు ఉండదు అని రాసిస్తే చాలు. అసలు పని ఆ కాగితంతో అయిపోదు. 2019లో మొదలైన తెలంగాణ సర్కారు పల్లె ప్రగతి కార్యక్రమంలో ఊరూరా వైకుంఠధామాలు కట్టినా, చాలాచోట్ల ఇప్పటికీ ఏ కులం బొందలగడ్డ ఆ కులానిదే. అందుకే ఆ కులపెద్దలతో ముందే మాట్లాడండి. అన్ని వాడల వాళ్లనూ పిలుస్తామని అప్పుడే చెప్పేయండి. ఎవరైనా ముఖం చిట్లిస్తే ఆ సంగతి సభ రోజు కాదు, అప్పుడే తేలిపోవాలి. క్రైస్తవుల సమాధుల తోటకు చర్చి కమిటీని, ఖబ్రస్తాన్‌కు దాని కమిటీని అడగాలి.

ఆ తర్వాత కాటికాపరి దగ్గరికి వెళ్లండి. నా లెక్కలో సర్పంచ్ కన్నా ఆయనే ముఖ్యం. ఎక్కడ నీడ ఉంటుంది, ఎక్కడ తేళ్లుంటాయి, నల్లా వస్తుందా రాదా అన్నీ ఆయనకే తెలుసు. సభ రోజు పొద్దున్నే ఫోన్ చేసి ‘ఇయ్యాల ఏదన్నా అంతిమయాత్ర వస్తుందా?’ అని అడగండి. వస్తే సభ వాయిదా. మధ్యలో వస్తే అందరూ లేచి పక్కకు జరగాలి, వీలైతే రెండు కట్టెలు అందించాలి.

ఏ రోజు, ఎక్కడ

పెత్రమాస (పితృ అమావాస్య) ముందటి ఆదివారం బాగుంటుంది. అప్పటికే ఇళ్లల్లో పెద్దలకు బియ్యం ఇచ్చే ఆలోచన నడుస్తుంటుంది. పెత్రమాస రోజే పెడదామంటే మాత్రం ఆడవాళ్లు రారు. ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ, పొద్దంతా పూల పని. కాథలిక్ క్రైస్తవులు నవంబర్ 2న సమాధులు కడిగి కొవ్వొత్తులు వెలిగించడానికి ఎట్లాగూ వస్తారు కాబట్టి వాళ్లకు ఆ తేదీయే సరిపోతుంది.

సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి చీకటి పడకముందే ముగించండి. ముందురోజు సర్కారు తుమ్మ కొట్టించి, గేటు దగ్గర రెండు బకెట్ల నీళ్లు పెట్టించండి. ఇంటికి పోయి స్నానం చేస్తామనేవాళ్లను ‘ఈ కాలంలో కూడానా’ అనకండి. ఆ వీలు ఉంటేనే చాలామంది ఆడవాళ్లు గేటు దాటుతారు. టీ మాత్రం గేటు బయటే పెట్టండి.

ఫ్లెక్సీ, వేదిక, ముఖ్య అతిథి వద్దు. ముఖ్య అతిథి వచ్చాడంటే ఉపన్యాసం తప్పదు, ఏడ్చేవాళ్లు కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టాల్సి వస్తుంది. చాపలు వేసి గుండ్రంగా కూర్చోండి. ఇరవై మంది దాటితే రెండు గుంపులు చేయండి.

మాట్లాడించడం

అందరూ తడబడేది ఇక్కడే. ‘మీ బాధ పంచుకోండి’ అంటే ఎవరూ నోరు విప్పరు. ‘ఎట్లా పోయిండు?’ అని అసలే అడగొద్దు. దవాఖాన, అంబులెన్స్, బిల్లు, మళ్లీ అదే కథ, మళ్లీ అదే టెన్షన్. దానికి బదులు, ‘పిట్టకు ఏమేం పెట్టిన్రు?’ అని అడగండి. దినాల్లో పిట్టకు పెట్టని ఇల్లు తక్కువ కాబట్టి జవాబు అందరి దగ్గరా ఉంటుంది. మా బాపుకు కల్లు, కట్ట బీడీలు, నల్లగా వేయించిన కాలేజం పెట్టినం అని ఒకరు మొదలుపెడతారు. కాకి వాలలేదని, చిన్న బిడ్డ వచ్చి సర్వపిండి ముక్క పెట్టేదాకా ముట్టనే లేదని ఇంకొకరు అందుకుంటారు. అక్కడ నవ్వు వస్తుంది, ఆపకండి. ఆకులో ఏం పెట్టారో చెప్తుంటేనే ఆ మనిషి ఎట్లాంటివాడో బయటికొస్తుంది. పిట్టకు పెట్టే ఆనవాయితీ లేనివాళ్లను ‘పోయినవాళ్లు ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలిచేది?’ అని అడగవచ్చు.

వచ్చేటప్పుడు ఒక వస్తువు తెమ్మనండి. అమ్మ బీడీలు చుట్టిన చాట, అందులో బొటనవేలు ఆనిన చోట అరిగి మెరిసే కత్తెర. అది చేతులు మారుతుంటే, ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడనివాళ్లు కూడా ‘మా అవ్వకు ఇట్లాంటిదే ఉండె’ అంటారు.

జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌లో పోయినవాళ్ల ఇళ్లుంటాయి. పెట్టె వారాల తర్వాత వస్తుంది, లేదా మట్టి అక్కడే అయిపోతుంది. 2021 కరోనాలో ఆఖరి చూపు దక్కనివాళ్లూ ఉన్నారు. తమవాళ్లను సరిగ్గా సాగనంపలేకపోయిన వీళ్లను మొదట పిలవండి, కానీ మాట్లాడమని బలవంతం చేయకండి.

మొదట్లోనే మూడు మాటలు చెప్పేయండి. సలహాలొద్దు, ‘ధైర్యంగా ఉండు’, ‘అంతా తలరాత’ అసలొద్దు. ఫోన్లు జేబులోనే ఉండాలి. మౌనంగా కూర్చుని పోయినా తప్పులేదు. ఆత్మహత్య మాట వస్తే ఎట్లా జరిగిందనే వివరాల్లోకి పోనివ్వకండి. ఎవరైనా తామూ బతకలేమన్నట్టు మాట్లాడితే వాళ్లను ఒంటరిగా ఇంటికి పంపొద్దు. మానసిక ఆరోగ్య సాయం ఇచ్చే సర్కారు ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

డప్పు కొట్టే అన్ననో, కాటికాపరినో మాట్లాడమని అడిగితే చివర్లో కాదు, మధ్యలోనే అడగండి. వాళ్లు చూసినన్ని చావులు మనమెవరమూ చూడలేదు. ఆ పూట కూలి ముందే చేతిలో పెట్టండి.

చివర పావుగంట

మాటలు తగ్గాక కాగితాల సంగతి చెప్పవచ్చు. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. కళ్లు దానం చేయాలనుకుంటే ఆరు గంటల్లోపే తీసుకోవాలి, కాబట్టి ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచాలి. బ్యాంకు ఖాతాలో నామినీ పేరు ఉందో లేదో చూసుకోమనండి. దీనికి పావుగంట దాటనివ్వకండి, దాటితే అది అవగాహన సదస్సు అయిపోతుంది.

చాపలు మడిచాక ఫొటోలు, ఎవరేం చెప్పారన్నది ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. వారం తర్వాత, ఆ రోజు ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లినవాళ్ల ఇంటికి ఒకరు పోయి రావాలి. ఎవరు పోతారో గేటు దగ్గర టీ తాగేటప్పుడే అనుకోండి.