చామంతి పూయలేదంటే తప్పు ఎరువుది కాదు

అనంతపురంలో మాది మిద్దె మీద తోట. పోయినేడు జూలైలో నాటిన చామంతి డిసెంబరు దాటినా మొగ్గ తొడగలేదు. బలం చాలలేదేమోనని పశువుల ఎరువు, వేపపిండి వేశాను. గుబురుగా పెరిగిందే తప్ప ఒక్క పువ్వు లేదు. మా అమ్మ దిష్టి తగిలిందని నిమ్మకాయ కూడా కట్టింది.

నీళ్ల ట్యాంకు వెనక పడేసిన ఒక్క కుండీ మాత్రం విరగబూసింది. అదే మట్టి, అదే నారు. ఎందుకా అని ఒక రాత్రి పైకెళ్లి చూశాను. మిగతా కుండీల మీద వీధిలైటు తెల్లవార్లూ పడుతోంది! చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ కడుతుంది. రోజూ 12 గంటలకు పైగా ఎడతెగని చీకటి కావాలి. మధ్యలో వెలుగు పడితే దానికి అది రాత్రి కిందే లెక్క కాదు.

ఈ ఏడు సెప్టెంబరులోనే కుండీలన్నీ ట్యాంకు చాటుకు మార్చాను. పగలు ఎండ తగలాలి కాబట్టి తూర్పు పక్కన పెట్టాను. నవంబరుకి నిండా మొగ్గలు. లైటు పడే చోట టమాటా, వంగ పెట్టాను, వాటికి ఈ పేచీ లేదు.

నిమ్మకాయ ఇంకా అక్కడే వేలాడుతోంది. పూలు దానివల్లే అని అమ్మ మాట.